పక్షి తగిలి విమానం వెనక్కి తిరిగింది, అమ్మ ఇక ఎక్కనంటోంది

గూడూరు_నిమ్మకాయ
అందరికీ నమస్తే. మా అక్కావాళ్లు పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంటారు. పోయిన శుక్రవారం అమ్మను తీసుకుని చెన్నైలో ఎక్కాను. అమ్మకు విమానం ఇదే మొదలు. నేల విడిచి నిమిషం అయిందో లేదో, ఎడమ పక్క దబ్‌మని శబ్దం. గోనెసంచిలో ఇటుక వేసి గోడకు కొట్టినట్టు. వెంటనే సీట్లు వణికినయ్. ఇంకాసేపటికి ఏసీ గాల్లోంచి ఈకలు కాలిన వాసన. పండక్కి కోడిని మంట మీద కాలుస్తామే, అచ్చం అదే వాసన. పక్షి తగిలింది, వెనక్కి పోతున్నాం అని పైలట్ చెప్పాడు. ఇరవై నిమిషాల్లో దిగాం. ఎవరికీ ఏమీ కాలేదు.

ఆరుగంటల తర్వాత వేరే విమానం ఇచ్చారు. అమ్మ ఎక్కలా. "దోవంతా సముద్రమేనంట గదరా, మధ్యలో ఇంకో పిట్ట వస్తే నేనేడ దిగేది?" అంది. చేసేది లేక ఇంటికొచ్చేశాం. అక్కేమో రోజూ ఫోన్‌లో ఏడుపు.

తెలిసినవాళ్లు చెప్పండి. ఇంజన్ ముందర జల్లెడ లాంటిది పెడితే పోదా? నీళ్ల మీద దించడం నిజంగా కుదిరే పనేనా? లైఫ్ జాకెట్ చూపించేది ఊరికే తంతుకేనా?

తిక్కన_వీధి
జల్లెడ పెడితే పిండి మెత్తగా వస్తది మామా. పిట్ట కూడా.

కావలి_బోల్టు
పైన జోకు అనుకుని రాసుండొచ్చు గానీ జవాబు అదే. నేను పద్నాలుగేళ్లుగా విమానాల మెయింటెనెన్స్‌లో ఉన్నా. వారానికొకరు ఈ జల్లెడ ప్రశ్న అడుగుతారు, మా మామగారితో సహా.

పది వేల అడుగుల లోపు విమానాలు మామూలుగా 250 నాట్లకు మించవు. అంటే గంటకు 460 కిలోమీటర్ల పైమాట. ఆ వేగంలో ఐదు కిలోల పక్షి తగిలితే, టన్ను బరువున్న కారు గంటకు 33 కిలోమీటర్ల వేగంతో వచ్చి గుద్దినంత దెబ్బ. దాన్ని ఆపగల జల్లెడ అంటే ఇనుప కిటికీ ఊచలంత లావు ఉండాలి. అప్పుడు ఇంజన్‌కు గాలి సరిగ్గా అందదు, మేఘాల్లో ఊచల మీద మంచు పేరుకుంటది, ఊచ విరిగితే పక్షి బదులు ఇనుమే లోపలికి పోతది. పక్షే నయం.

మీకొచ్చిన వాసన సంగతి. కేబిన్‌లోకి వచ్చే గాలి ఇంజన్ కంప్రెసర్ నుంచి తీసేదే. పక్షి ఇంజన్ నడిమధ్యకు పోతే వాసన మీ ముక్కు దాకా వస్తది. అంచుల్లో తగిలితే ఫ్యాన్ దాన్ని బయటి దారిలోకి విసిరేస్తది, మీకు తెలియనే తెలియదు. మీ పిట్ట కచ్చితంగా లోపలికే పోయింది.

గూడూరు_నిమ్మకాయ
అన్నా, ఈ మాట అమ్మకు చెప్పను.

కందుకూరు_మాస్టారు
బోల్టు గారూ, రిటైరైన ఫిజిక్సు మాస్టారిని. లెక్క కట్టి చూశాను, మీ 33 సరిపోయింది. ఈ గొడవ విమానం పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. 1905లోనే ఓర్విల్ రైట్ మొక్కజొన్న చేల మీద ఎగురుతూ పక్షి గుంపును తరిమి ఒకదాన్ని కొట్టాడు. 1912లో కాలిఫోర్నియా తీరంలో కాల్ రోజర్స్ అనే ఆయన విమానం తీగల్లో నీటికాకి జాతి పక్షి ఇరుక్కుని, అది సముద్రంలో కూలి ఆయన పోయాడు.

అసలు కళ్లు తెరిపించింది 1960 అక్టోబరు 4. బోస్టన్‌లో లాక్‌హీడ్ ఎలెక్ట్రా విమానం లేస్తూనే గోరింక జాతి పిట్టల గుంపులో పడింది. ఆ పిట్ట పట్టుమని వంద గ్రాములుండదు. 72 మందిలో 62 మంది పోయారు. ఇంజన్లు ఎంత పక్షిని తట్టుకోవాలో నిబంధనలు రాసుకున్నది ఆ తర్వాతనే.

పులికాట్_పిట్ట
మాస్టారూ, నీటికాకి కాదండీ, అది గల్. సముద్రపు ఒడ్డున తెల్లగా తిరిగే పక్షి. పిట్టల విషయంలో ఊరుకోలేను, క్షమించాలి.

కందుకూరు_మాస్టారు
ఒప్పుకున్నా. దిద్దుకుంటున్నా.

తిక్కన_వీధి
బోల్టన్నా, ఇంజన్‌ను పరీక్షించేటప్పుడు నిజం కోళ్లనే తుపాకీలో పెట్టి కొడతారంట గదా. నాటుదా, బాయిలరా?

కావలి_బోల్టు
హహ. చచ్చిన కోడినే గాలి తుపాకీలో పెట్టి అద్దాల మీదా ఇంజన్లలోకీ కొట్టే పద్ధతి చాలాకాలంగా ఉంది. ఇప్పుడు జిగురు ముద్దలాంటి నకిలీ పక్షులు కూడా వాడుతున్నారు.

చాలామందికి తెలియనిది ఒకటుంది. పెద్ద పక్షి పరీక్షలో ఇంజన్ పాసవ్వాలంటే అది ఆ తర్వాత కూడా తిరగాలని లేదు. పేలి ముక్కలు బయటికి రాకుండా, పెద్ద మంట లేకుండా బుద్ధిగా ఆగిపోతే చాలు. మధ్యస్థం బరువు పక్షులు గుంపుగా పడితే మాత్రం విమానాన్ని ముందుకు నెట్టే బలం ముప్పావు వంతు కన్నా తగ్గకుండా నడుస్తూ ఉండాలి. ఇంజన్ రకాన్ని బట్టి పెద్ద పక్షి బరువు కిలోన్నర పైనుంచి మూడున్నర కిలోల పైదాకా ఉంటది.

పులికాట్_పిట్ట
మాది దొరవారిసత్రం పక్క ఊరు. నేలపట్టులో గూడబాతులు, అదే పెలికాన్లు, ఒక్కొక్కటి నాలుగు కిలోలకు తక్కువ తూగవు. బోల్టు గారి లెక్కలో ఏ ఇంజన్ పరీక్షకూ అందని పక్షి అది. అక్టోబరు నుంచి మార్చి దాకా చెరువు నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూళ్లు. పొద్దున ఎండ కాస్త కాగాక, తొమ్మిదీ పది మధ్య, వేడిగాలి పట్టుకుని రెక్క ఆడించకుండా గుండ్రంగా పైకి లేస్తాయి. కింద నుంచి చూస్తే గాలిపటాల్లా చిన్నవైపోతాయి. అక్కడ నుంచి పులికాట్ వైపు జారిపోయి, సాయంత్రానికి గొంతు సంచిలో చేపలతో పిల్లల దగ్గరకు వస్తాయి. వాటి రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని మా పెద్దోళ్లు వాటి జోలికి ఎవర్నీ పోనిచ్చేవాళ్లు కాదు.

అందుకని నెల్లూరు దగ్గర దగదర్తిలో కట్టాలనే ఎయిర్‌పోర్టు మాట వచ్చినప్పుడల్లా నా గుండె గుబేలుమంటది. పక్షుల కోసమా, మనుషుల కోసమా అంటే రెండూ.

అల్లూరు_రొయ్య
పిట్ట గారూ, నేలపట్టు నెల్లూరికి దక్షిణాన, దగదర్తి ఉత్తరాన. మీ గూడబాతు పనిగట్టుకుని బస్సెక్కి ఎయిర్‌పోర్టు కట్టే దామవరం రావాలా?

పులికాట్_పిట్ట
నేలపట్టువే రానక్కర్లేదండీ. కనిగిరి రిజర్వాయరు ఉంది, మీ అల్లూరు చెరువులున్నాయి, మీ రొయ్యల గుంటలూ ఉన్నాయి. గుంట ఎండగట్టిన రోజు గట్టు మీద ఎన్ని కొంగలు వాలతాయో నాకంటే మీకే బాగా తెలుసు.

అల్లూరు_రొయ్య
అది నిజమే. పట్టుబడి రోజు గుంట గట్టు తెల్లదుప్పటి పరిచినట్టుంటది. టపాసులు కాల్చినా ఇక్కడ లేచి అక్కడ వాలతాయి.

వెంకటగిరి_అంచు
ఆకాశంలో ఎగిరేవాటి హక్కు ముందు. మనిషే తర్వాత వచ్చాడు. ఎయిర్‌పోర్టులే వద్దు.

తిక్కన_వీధి
సరే, పోర్ట్‌బ్లెయిర్‌కి ఈదుకుంటూ పోదాం పద.

కావలి_బోల్టు
గొడవ ఎటో పోతోంది. నిమ్మకాయ తమ్ముడి రెండో ప్రశ్న మిగిలిపోయింది.

నీళ్ల మీద దించడం అనగానే అందరూ చెప్పేది 2009 జనవరి 15. యూఎస్ ఎయిర్‌వేస్ 1549, ఎయిర్‌బస్ ఏ320. న్యూయార్క్ లాగార్డియాలో లేచింది. దాదాపు 2,800 అడుగుల ఎత్తులో కెనడా బాతుల గుంపు తగిలి రెండు ఇంజన్లూ పడిపోయినయ్. అక్కడి నుంచి నీళ్లను తాకేదాకా మూడున్నర నిమిషాలు. కెప్టెన్ సలెన్‌బర్గర్ నడిపాడు, పక్కన కో-పైలట్ స్కైల్స్ చెక్‌లిస్టు చదువుతున్నాడు. ఆ చెక్‌లిస్టు ఇరవై వేల అడుగుల పైన ఇంజన్లు ఆగితే వాడేదానికి రాసింది. మూడు పేజీలు. వాళ్లు మూడో వంతు చదివేసరికి నది వచ్చేసింది.

ఏ320లో తల పైన 'డిచింగ్', అంటే నీళ్ల మీద దించడం, అని ఒక బటన్ ఉంటది. నొక్కితే పొట్ట కింద గాలి పోయే రంధ్రాలు మూసుకుంటాయి. వాళ్లకు ఆ బటన్ దాకా పోయే టైమే లేదు. నొక్కినా పెద్ద లాభం లేకపోయేది, తోక దగ్గర పొట్ట చీలింది. డిజైన్ చేసినప్పుడు సెకనుకు మూడున్నర అడుగుల చొప్పున కిందికి దిగుతూ నీటిని తాకుతుందని అనుకున్నారు, అసలు తాకింది పన్నెండున్నర అడుగుల చొప్పున. వెనక సీట్ల వాళ్లకు నడుముల దాకా నీళ్లు.

అయినా 155 మందీ బతికారు. ఎందుకంటే అది పగలు. నది నీళ్లు చదును. చుట్టూ ఫెర్రీ పడవలు తిరుగుతుండగా నిమిషాల్లో వచ్చి చేరాయి. నీళ్లు మాత్రం ఐదు డిగ్రీలే. పడవలు అరగంట ఆలస్యమయ్యుంటే ఈ కథ వేరేగా చెప్పుకునేవాళ్లం.

ఒంగోలు_గిత్త
ఎయిర్‌పోర్టుకు తిరిగి పోయుండొచ్చని సిమ్యులేటర్లో తేలింది కదా. ఊరికే హీరోను చేశారు.

కావలి_బోల్టు
సగమే చదివారు. పక్షి తగిలిన క్షణంలోనే తిప్పితే కొన్నిసార్లు చేరగలిగారు. ఏం జరిగిందో అర్థం చేసుకోడానికి 35 సెకన్లు కలిపి చూస్తే చేరలేదు, కూలిపోయింది. సిమ్యులేటర్లో కూర్చున్నోడికి ఏం జరగబోతోందో ముందే తెలుసు గిత్త గారూ. కింద ఊరంతా జనం, అక్కడ తప్పితే ఎక్కడ పడేదో ఆలోచించండి.

ఒంగోలు_గిత్త
35 సెకన్లు ఎక్కువే. బండి మీద పోతుంటే కుక్క అడ్డమొస్తే అరసెకనులో బ్రేకేస్తాం.

తిక్కన_వీధి
వేసి, పడి, మోకాలు చెక్కుకుని, కుక్కను తిడతాం.

[ఇక్కడ రెండు పోస్టులు తీసేశాం. మనుషుల్ని తిట్టకండి. విషయం మాట్లాడండి. - నిర్వాహకుడు]

అణియం
నేను జువ్వలదిన్నె వాడిని. చదువు తక్కువ, తప్పుంటే సర్దుకోండి. ఫైబర్ బోటు మీద ఇరవై రెండేళ్లు. నీళ్లంటే మెత్తన అనుకుంటారు మీరంతా. బోటు జోరుగా పోతుంటే చెయ్యి కింద పెట్టి చూడండి, రాయి తగిలినట్టు ఉంటది. అంత వేగంతో విమానం దిగితే సిమెంటు మీద దిగినట్టే గదా. నది అయింది కాబట్టి సరిపోయింది. మా వేటకాడ కెరటం మీద అయితే ఎట్టా దించుతారు? మేమైతే అణియం, అంటే బోటు ముందు ముక్కు, కెరటానికి ఎదురు పెడతాం. అడ్డం తిరిగితే బోర్లా పడతాం.

కావలి_బోల్టు
అన్నా, ఈ చర్చలో ఇంతవరకూ వచ్చిన మంచి ప్రశ్న ఇదే. విమానానికి మీ పద్ధతి తిరగబడతది. వరసగా వచ్చే పెద్ద కెరటాలకు ఎదురు పోతే ముక్కు కెరటంలోకి గుచ్చుకుంటది. అందుకని కెరటాల వరసకు సమాంతరంగా, శిఖరం వెంట గానీ శిఖరం దాటిన వెనక వాలు వెంట గానీ దించమని పైలట్లకు నేర్పుతారు. చక్రాలు బయటికి తీయరు. ముక్కు కొంచెం పైకి, రెక్కలు రెండూ ఒకే మట్టంలో. ఆ రెక్కల మట్టమే ప్రాణం.

అణియం
అది అర్థమైంది. తెడ్డు ఒకపక్క గుచ్చుకుంటే బోటు గిర్రున తిరిగిపోద్ది. రెక్క కూడా అంతే.

కావలి_బోల్టు
సరిగ్గా అదే జరిగింది 1996 నవంబరు 23న. ఇథియోపియన్ 961, బోయింగ్ 767. హైజాక్ చేసినవాళ్లు ఇంధనం చాలదని చెప్పినా వినలా. రెండు ఇంజన్లూ ఆగాక కొమొరోస్ దీవుల దగ్గర తీరానికి ఆనుకుని దించబోయారు. కెప్టెన్ లెవుల్ అబాతే ఒక పక్క స్టీరింగ్ పట్టుకుని, ఇంకోపక్క హైజాకర్‌తో పెనుగులాడుతూనే దించాడు. ఎడమ రెక్క ముందు తగిలింది. విమానం తిరిగి ముక్కలైంది. 175 మందిలో 125 మంది పోయారు.

నిమ్మకాయ తమ్ముడూ, లైఫ్ జాకెట్ తంతు కాదనడానికి ఇదే సాక్ష్యం. లోపలే జాకెట్లు ఊదేసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. నీళ్లు లోపలికి రాగానే ఆ జాకెట్ మనిషిని పైకప్పుకు అదిమేస్తది, తలుపు నీటి కింద ఉంటది, మునిగి బయటికి రాలేరు. తలుపు దాటుతూ ఊదుకోవాలి. ఎయిర్‌హోస్టెస్ ఆ ముక్క చెప్పేటప్పుడే అందరం ఫోన్ చూసుకుంటుంటాం.

సింగరాయకొండ_లారీ
నీళ్లలో ఎందుకు, హైవే మీద దించొచ్చుగా? మా జిల్లాలో ఉండగానే కొరిశపాడు దగ్గర 16వ నంబరు రోడ్డు మీద యుద్ధవిమానాల కోసం స్ట్రిప్ మొదలెట్టారు. 2022లో అది బాపట్ల జిల్లాకు పోయింది లెండి. 2022 డిసెంబరులో ట్రయల్ చేస్తుంటే ఆ పూట నా లారీ ఆపేశారు. సుఖోయ్ నెత్తి మీదుగా పోయింది. రెండు రోజులు చెవులు గుయ్యిమన్నాయి.

కావలి_బోల్టు
స్ట్రిప్ ఉన్నా అప్పటికప్పుడు దించలేరు లారీ గారూ. గంటల ముందు రోడ్డు మూయాలి, మధ్యలో డివైడరుండకూడదు, కుక్కలూ బర్రెలూ రాకుండా కంచె కట్టాలి. మూడున్నర నిమిషాల్లో మీ లారీని ఎవరు పక్కకు తీస్తారు?

కానీ నేల మీద దిగి బతికినవాళ్లున్నారు. 2019 ఆగస్టు 15న మాస్కో దగ్గర ఉరల్ ఎయిర్‌లైన్స్ ఏ321లోకి గల్స్ పడ్డాయి. పైలట్లు మొక్కజొన్న చేలో, చక్రాలు తీయకుండా పొట్ట మీదనే దించారు. 233 మందీ బయటపడ్డారు.

వెంకటగిరి_అంచు
మరి కొరియాలో?

కావలి_బోల్టు
2024 డిసెంబరు 29, ముయాన్. జెజు ఎయిర్ 737. రెండు ఇంజన్లలోనూ బైకాల్ టీల్ అనే చిన్న బాతు ఈకలూ రక్తం దొరికాయి. పొట్ట మీద దిగి రన్‌వే దాటిపోయి, యాంటెనాలు నిలబెట్టిన కాంక్రీటు దిబ్బను గుద్దుకుంది. 181 మందిలో ఇద్దరే మిగిలారు. దాని గురించి ఇంతకన్నా రాయబుద్ధి కావట్లేదు.

దర్గామిట్ట_మటన్
మాస్టర్లూ, నాకో బాధ ఉంది. ఎక్కడ ఎయిర్‌పోర్టు మాటొచ్చినా ముందు మా కొట్ల మీద పడతారు. పక్షులొచ్చేది మా వల్లేనంటారు. మా తాత కాలం నుంచీ ఇదే పని.

కందుకూరు_మాస్టారు
నిబంధన ఉన్న మాట వాస్తవం. 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లో 91వది. ఎయిర్‌పోర్టు మధ్యబిందువు నుంచి పది కిలోమీటర్ల లోపు పశువుల్ని కోయడం, చెత్త, మాంసం చేపల దుకాణాల వ్యర్థాలు పారేయడం కూడదు. పక్షులు చేరకుండా తగిన ఏర్పాట్లు చేసుకుంటే అనుమతి తీసుకునే వీలుంది. బెంగళూరులో ఏరో ఇండియా విమాన ప్రదర్శనప్పుడు యలహంక చుట్టుపక్కల మాంసం కొట్లు మూయించేది ఇందుకే.

దర్గామిట్ట_మటన్
నేను రోజూ వ్యర్థం డబ్బాలో మూతేసి మున్సిపాలిటీ బండికి ఇస్తా. ఆ బండి దాన్ని ఊరి బయట గుట్టలో కుమ్మరిస్తది. గద్దలు తిరిగేది ఆ గుట్ట మీద. నా కొట్టు మీద ఒక్క గద్ద చూపించండి.

పులికాట్_పిట్ట
మటన్ గారి మాటే నిజం. మూత లేని గుట్ట ఉన్నంతకాలం ఏ నియమం రాసినా గద్ద చదవదు.

గూడూరు_నిమ్మకాయ
ఇదంతా రాత్రి అమ్మకు చదివి వినిపించా. 125 మంది పోయిన చోట ఆపెయ్యమంది. తర్వాత "ఆ బోల్టు అబ్బయ్యను అడుగు, సముద్రం మధ్యలో ఇంజన్ ఆగితే?" అంది.

కావలి_బోల్టు
అమ్మా, మీకే రాస్తున్నా. పక్షి తగిలేది ఎక్కువగా లేచేటప్పుడు, దిగేటప్పుడు, నేలకు దగ్గరగా. 1973లో ఆఫ్రికాలో ఒక రాబందు 37 వేల అడుగుల్లో తగిలిన మాట నిజమే. ఇన్నేళ్లైనా దాన్ని కథగా చెప్పుకుంటున్నాం అంటే అంత అరుదన్నమాట. పోర్ట్‌బ్లెయిర్ దారి మధ్యలో మీ కింద సముద్రమే గానీ మీ ఎత్తులో పిట్టలుండవు.

ఒక ఇంజన్ ఆగితే రెండోదానితో దగ్గర్లోని ఎయిర్‌పోర్టుకు చేరేట్టే ఆ విమానం కట్టి ఉంటది. రెండూ ఆగినా రాయిలా పడదు, జారుతూ పోతది. 2001 ఆగస్టులో ఎయిర్ ట్రాన్సాట్ విమానం ఒకటి ఇంధనం కారిపోయి అట్లాంటిక్ మీద రెండు ఇంజన్లూ ఆగి, 19 నిమిషాలు అలాగే జారి, దాదాపు 120 కిలోమీటర్లు పోయి అజోర్స్ దీవిలో రన్‌వే మీదే దిగింది. 306 మందీ క్షేమం.

మీ విమానానికి ఏం చేసుంటారో కూడా చెప్తా. ఫ్యాన్ రెక్కల అంచుల మీద ఒక్కోదాన్నీ వేళ్లతో తడుముతాం. గోరుకు కాస్త తట్టినా కొలుస్తాం. సన్నటి కెమెరా గొట్టం ఇంజన్ లోపలికి పంపి చూస్తాం, మీ ఆస్పత్రుల్లో ఎండోస్కోపీ లాగా. దొరికిన ఈకను కవర్లో పెట్టి ఏ పక్షో తేల్చడానికి పంపుతాం. హడ్సన్ నదిలో దిగిన విమానం ఇంజన్లలోని ముక్కల్ని స్మిత్సోనియన్ మ్యూజియం వాళ్లే కెనడా బాతులని తేల్చారు. అవన్నీ అయ్యేదాకా అది ఎగరదు.

ఎక్కినాక రెండే పనులు. మీ సీటు నుంచి తలుపు దాకా వరసలు లెక్కపెట్టుకోండి, పొగలో కళ్లు కనపడకపోయినా చేతులు లెక్కపెడతాయి. కూర్చోగానే సీటు కింద చెయ్యి పెట్టి జాకెట్ ఉందో లేదో చూసుకోండి.

అణియం
అమ్మా, మేము రోజూ పోయే సముద్రమే అది. భయపడమాక.

గూడూరు_నిమ్మకాయ
ఆలస్యంగా రాస్తున్నా, పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉన్నాం. ఈసారి పొద్దున ఫ్లైట్. అమ్మ ఎక్కగానే ముందుకు రెండుసార్లు, వెనక్కి ఒకసారి వరసలు లెక్కపెట్టింది. ముందు తలుపుకు పదకొండు, రెక్క మీది తలుపుకు మూడు. తర్వాత వంగి సీటు కింద తడిమింది. పక్కసీటాయన ఏం పడేసుకున్నారమ్మా అని వెతకడానికి ఆయనా వంగాడు. "ఏం లేదు నాయనా, మీది కూడా చూసుకో" అంది.

ఆయనది దొరకలా. ఎయిర్‌హోస్టెస్‌ను పిలిపించి ఇంకోటి తెప్పించిందాకా ఊరుకోలా.

తిక్కన_వీధి
అమ్మను విమానాల భద్రత చూసే డీజీసీఏలో వెయ్యండి.